మన ఊరికీ ఒక జమాబంది కావాలి

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. 1974లో కనిగిరి తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, 2008లో అదే హోదాకు ఒక మెట్టు పైన విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ముప్పయి నాలుగేళ్ళు నోట్లు రాశాను, రిజిస్టర్లు రాశాను. అందుచేత నా మాటల్లో అలంకారాలు ఉండవు. అంకెలు మాత్రం కొన్ని ఉంటాయి. క్షమించాలి.

డిసెంబరు 17న మనం ఈ పండుగ ఎందుకు చేసుకుంటామో అందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే ముష్టి కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చింది. ఆ తీర్పు మనందరికీ గుండె నిబ్బరం. అయితే హక్కు కాగితం మీద ఉన్నా, డబ్బు ఖజానాలో ఉండాలి గదా. ఆ సంగతి ట్రెజరీ గుమ్మం ముందు బిల్లు పట్టుకుని నిలబడ్డవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇవాళ మన ముందు ఒక తీర్మానం ఉంది. పింఛనుదారుల సొంత ఇళ్ళకు ఇంటిపన్ను మినహాయించాలని ప్రభుత్వాన్ని కోరుతూ మిత్రులు దాన్ని తయారుచేశారు. వారి కష్టం నాకు తెలుసు. మందుల ఖర్చు పెరిగింది, పిల్లలు దూరాన ఉన్నారు. అయినా నేను ఆ తీర్మానాన్ని బలపరచలేను. ఎందుకు బలపరచలేనో, దాని బదులు మనం ఏం చెయ్యవచ్చునో చెప్పడానికే ఈ పదిహేను నిమిషాలు అడిగి తీసుకున్నాను.

ముందుగా ఒక పాత జ్ఞాపకం. నేను కొలువులో చేరిన కొత్తలో ఏటా జమాబంది జరిగేది. ఇక్కడున్న రెవెన్యూవారికి చెప్పనక్కరలేదు, పిల్లల కోసం చెబుతున్నాను. ఫసలీ సంవత్సరం లెక్కలు తేల్చడమే జమాబంది. గుడ్డలో మూటగట్టిన అడంగళ్ళు, పదో నంబరు చిట్టాలు చంకన పెట్టుకుని ఫిర్కాలోని కరణాలంతా వచ్చేవాళ్ళు. జమాబంది అధికారి ఎదుట ఒక్కొక్క గ్రామం లెక్క విప్పేవాళ్ళు. బేరీజు ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అని చదివేవాళ్ళు. రైతు కూడా వచ్చి నిలబడవచ్చు. "అయ్యా, నా చేను ఎండిపోయింది, తీర్వ వజా చెయ్యండి" అని అడుక్కోవచ్చు. మన మెట్ట తాలూకాలో ఆ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. అందులో లోపాలు లేవని నేననను. అధికారి ఎత్తున కూర్చునేవాడు, రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పోయినవాటి కోసం ఏడవడానికి ఇది చెప్పడం లేదు. ఏడాదికొకసారి ఊరి లెక్క నలుగురి ఎదుట గట్టిగా చదివే అలవాటు ఒకటి ఉండేదని గుర్తు చేస్తున్నాను, అంతే.

ఇప్పుడు మన పట్టణం లెక్క ఎవరు చదువుతున్నారు? కనిగిరి పంచాయతీగా ఉన్న రోజులు దాటిపోయి, పురపాలన కిందికి వచ్చి పదేళ్ళు దాటింది. బడ్జెట్టు ఉంది, ఆడిటు ఉంది, డి.సి.బి. రిజిస్టరు ఉంది. డి.సి.బి. అంటే డిమాండు, వసూలు, బాకీ. మన పాత బేరీజే కొత్త పేరుతో వచ్చింది. కానీ దాన్ని ఎప్పుడైనా తెరిచి చూశామా? ఈ సభలో ఒక్కరైనా చూశారా? నేను కూడా చూడలేదు. మొన్న మొన్నటి దాకా చూడలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

పట్టణానికి వచ్చే డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి మనం కట్టేది. ఇంటిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, కుళాయి రుసుము, దుకాణాల అద్దెలు, లైసెన్సు రుసుములు ఇందులోవి. రెండోది రాష్ట్రం నుంచి వచ్చేది. మూడోది కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసు మీద వచ్చే గ్రాంటు. ఈ మూడోదాని కథ కొంచెం వినండి. 2021 నుంచి 2026 వరకు అయిదేళ్ళకు సిఫారసు చేసిన పదిహేనో ఆర్థిక సంఘం, మనలాంటి చిన్న పట్టణాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడివేసి ఇచ్చింది. మిగతా 40 శాతాన్ని కూడా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడరాదంది. పైగా రెండు షరతులు పెట్టింది. లెక్కలు ఆడిటు చేయించి అందరికీ కనపడేలా ఇంటర్నెట్టులో పెట్టాలి. ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించి, రాష్ట్ర ఆదాయం పెరిగే వేగంతో ఆ వసూలూ పెరుగుతున్నట్టు చూపాలి. అంటే ఢిల్లీవారు చెప్పింది మన పెద్దలు చెప్పే మాటే. నీ వంతు నువ్వు వెయ్యి, తరువాత నా వంతు అడుగు.

ఇందులో అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. కట్టడానికి గ్రాంటు దొరుకుతుంది. నడపడానికి అంత సులువుగా దొరకదు. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టడానికి పథకం వస్తుంది, శిలాఫలకం వస్తుంది, రిబ్బను కత్తిరించడానికి పెద్దలు వస్తారు. ఆ ట్యాంకులోకి నీళ్ళెక్కించే మోటారుకు నెలనెలా కరెంటు బిల్లు వస్తుంది. దానికి రిబ్బను ఉండదు. పైపు పగులుతుంది, వాల్వు అరుగుతుంది, మోటారు కాలుతుంది. ఇవన్నీ ఊరి సొంత డబ్బుతో జరగవలసినవి. సొంత డబ్బు లేకపోతే కట్టిన ట్యాంకు పిట్టల గూడవుతుంది.

మనకు నీటి విలువ ఇంకొకరు చెప్పాలా? ఈ దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొట్టమొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మన కనిగిరి తాలూకా అప్పుడు ఆ జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దాంట్లోకి వచ్చాము, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారినా బావిలో నీళ్ళు మారలేదు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదంటారు. ఆ గీత దాటిన బోరునీళ్ళు తాగి పళ్ళు గారలు కట్టినవాళ్ళు, మోకాళ్ళు వంగనివాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. మనకు మంచినీళ్ళు దూరం నుంచి రావలసిందే. దూరం నుంచి వచ్చే ప్రతి బిందె వెనుకా ఒక కరెంటు బిల్లు ఉంటుంది. అది ఈ ఏడాదితో తీరేది కాదు, మన మనవళ్ళ కాలం దాకా ఉండేది. ఊరి డబ్బు సంగతి ఒక్క బడ్జెట్టుతో తెమిలేది కాదని నేననేది ఇందుకే.

ఇప్పుడు నా సొంత సంగతి చెప్పుకోవాలి. ఇది ఇంట్లో తప్ప బయట ఎక్కడా చెప్పలేదు.

నాలుగేళ్ళ క్రితం బ్యాంకు పనిమీద ఇంటిపన్ను రసీదు నకలు కావలసివచ్చి కార్యాలయానికి వెళ్ళాను. అక్కడున్న కుర్రవాడు మర్యాదస్తుడు. "కూర్చోండి తాతగారూ" అని కంప్యూటరు తెర నావైపు తిప్పి చూపించాడు. నా పేరు, డోరు నంబరు, కింద వివరం. రెండు గదులు, ఒక వంటిల్లు, వసారా. అంతే ఉంది. అయ్యా, ఆ ఇంటిమీద నేను 1999లో పైభాగం వేశాను. రెండు గదులు, విడిగా మెట్లు. ఇరవై ఏళ్ళకు పైగా అద్దెకిచ్చాను. ఒక మాస్టారు కుటుంబం తొమ్మిదేళ్ళు ఉంది. ఆ అద్దెతో మా అమ్మాయి పెళ్ళి అప్పు తీర్చాను. ఆ పైభాగానికి ఒక్క రూపాయి పన్ను కట్టలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

కొలువులో ఉన్నన్నాళ్ళూ ఇతరుల కాగితాల మీద ఎర్ర సిరాతో "వివరణ కోరవలెను" అని రాసినవాణ్ణి నేను. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. అతనికి తెలియదు గూడా. రసీదు ఇచ్చి "ఇంకేమైనా కావాలా" అన్నాడు. ఏమీ వద్దని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఇంటావిడతో చెబితే, "ఊరంతా చేస్తున్నదే గదా, మీరొక్కరు చెబితే ఊరు బాగుపడుతుందా" అంది. అబ్బాయికి ఫోను చేస్తే, "నాన్నా, వాళ్ళొచ్చి కొలిచినప్పుడు చూద్దాం" అన్నాడు. వాళ్ళ మాటలో తప్పేముంది? నేనూ రెండు వారాలు అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ రోజూ పొద్దున వీధిలోకి వచ్చి, కాలువ తియ్యలేదని, దీపం వెలగలేదని మన బల్లమీద కూర్చున్న నలుగురితో పాటు నేనూ విమర్శ చేస్తున్నాను. ఆ విమర్శ నోట్లోంచి వస్తుంటే పైనున్న రెండు గదులు నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. చివరికి ఒక అర్జీ రాసి ఇచ్చాను. కొలిచారు. పన్ను రెట్టింపు దాటింది. కడుతున్నాను. గొప్ప చెప్పుకోవడం లేదు, ఇరవై ఏళ్ళు కట్టనివాడు గొప్ప ఎలా చెప్పుకుంటాడు? నా బాధ ఇంకొకటి. నాలాంటి ఇళ్ళు మన పట్టణంలో ఎన్ని ఉన్నాయి? ఎవరికైనా లెక్క తెలుసా? ఆ లెక్క తెలియకుండా మినహాయింపు అడగడం ఏమి న్యాయం?

ఒక ఊహా లెక్క చెబుతాను. ఒక పేటలో వెయ్యి ఇళ్ళున్నాయనుకుందాం. ఇంటికి ఏటా రెండు వేలు చొప్పున ఇరవై లక్షలు రావాలి. అందులో వంద ఇళ్ళు మనవి. మినహాయిస్తే రెండు లక్షలు పోతాయి. కాలువ పని, దీపం పని తగ్గవు గదా. ఆ రెండు లక్షలు మిగతా తొమ్మిది వందల ఇళ్ళమీద పడితే ఇంటికి రెండు వందల ఇరవై రెండు రూపాయలు. ఆ తొమ్మిది వందల్లో ఆటో తోలేవాడు ఉన్నాడు, మగ్గం నేసేవాడు ఉన్నాడు, పండ్లబండి ఆవిడ ఉంది. వాళ్ళకు పింఛను లేదు, డి.ఎ. లేదు. మన భారం వాళ్ళమీద పెట్టి మనం ఇంట్లో చల్లగా కూర్చోగలమా? మనకు తగ్గింపు కావాలంటే దారి ఉంది. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే అయిదు శాతం తగ్గిస్తున్నారు. ఆలస్యం చేస్తే నెలకు రెండు శాతం వడ్డీ. మనవాళ్ళు కొందరు వడ్డీ మాఫీ ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూస్తుంటారు. వేళకు కట్టినవాడు వెర్రివాడు, కట్టనివాడు తెలివైనవాడు అనిపించే చోట ఊరు ఎలా నిలుస్తుంది?

పన్ను మాట ఎత్తగానే మనలో పెద్దలకు చీరాల పేరాల గుర్తుకు వస్తుంది. వేయమన్న పన్నల్లా తల వంచి కట్టమంటున్నానా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. కాదు. ఆ కథ చెబితే నా అభిప్రాయం తెలుస్తుంది. చీరాల 1970 నుంచి 2022లో బాపట్ల జిల్లాలో కలిసేదాకా మన జిల్లాలోదే. వందేళ్ళ క్రితం అది గుంటూరు జిల్లాలో ఉండేది. చీరాల, పేరాల కలిసి ఒక యూనియనుగా ఉండేవి, సుమారు పదిహేను వేల జనాభా. 1919, 20 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఆ ఊళ్ళను పురపాలక సంఘంగా మార్చింది. ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు పోతుందన్నారు. జనంలో ఎక్కువమంది చేనేతవాళ్ళు. మాకు ఈ సంఘం వద్దని మొరపెట్టుకున్నారు, వినలేదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో 1921లో ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి, పొలిమేర దాటి, రామనగరం అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. పురపాలక హద్దు లోపల ఉంటేనే గదా పన్ను, హద్దు బయట ఉంటే ఎవరడుగుతారని. ఎండకు ఎండి వానకు తడిసి పదకొండు నెలలు ఉన్నారు. గోపాలకృష్ణయ్యగారిని జైలుకు పంపారు. చివరికి జనం ఇళ్ళకు తిరిగివచ్చారు. సంఘం మాత్రం పోలేదు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు రెండు విషయాలు తోస్తాయి. మొదటిది, అడగకుండా, లెక్క చెప్పకుండా పన్ను వేస్తే పేదవాడు గూడా ఇల్లు వదిలిపెట్టడానికి సిద్ధపడతాడు. అది వాళ్ళ పౌరుషం, దానికి చేతులెత్తి మొక్కాలి. రెండోది, హద్దు దాటి వెళ్ళినవాళ్ళు ఎల్లకాలం హద్దు బయట ఉండలేరు. తిరిగి రావలసిందే. వచ్చాక ఆ కాలువలు, ఆ దీపాలు, ఆ నీళ్ళు తమవే. వద్దనడానికి ఒక రోజు ఉంటుంది, కూర్చుని లెక్క చూసుకోవడానికి కూడా ఒక రోజు ఉండాలి. చీరాలవారి కాలంలో ఆ రెండోదానికి దారి ఇవ్వలేదు. ప్రభుత్వం పరాయిది. మనకు దారి ఉంది, మనమే నడవడం లేదు.

దారి ఏమిటంటే, 1993 నుంచి అమలులో ఉన్న డెబ్బయి నాలుగో రాజ్యాంగ సవరణ. దాని ప్రకారం పట్టణాల ఆర్థిక స్థితి చూడడానికి అయిదేళ్ళకొకసారి రాష్ట్రంలో ఒక ఆర్థిక సంఘం వెయ్యాలి. మంచిదే. కానీ అది రాజధానిలో కూర్చుని అన్ని ఊళ్ళకూ కలిపి చూస్తుంది. మన వీధి దానికి కనపడదు. అదే సవరణలో వార్డు కమిటీలు తప్పనిసరి అన్నారు, అది మూడు లక్షలు ఆపైన జనాభా ఉన్న పట్టణాలకు. కనిగిరి వంటి ఊరికి ఆ నిర్బంధం లేదు. నిర్బంధం లేదంటే నిషేధం ఉన్నట్టు కాదు గదా. చట్టం పీట వెయ్యకపోతే మనం చాప వేసుకుని కూర్చోవచ్చు.

అలా కూర్చున్నవాళ్ళు ఉన్నారు. 1996లో కేరళలో ప్రజాప్రణాళిక ఉద్యమం మొదలైంది. రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చి, మీ ఊరికేం కావాలో మీరే కూర్చుని రాసుకోండి అన్నారు. ఊళ్ళవాళ్ళు రాసిన పథకాల్లో లెక్కలు, కొలతలు సరిగా ఉండాలి గదా. వాటిని సరిచూడడానికి ఎవరిని పిలిచారనుకున్నారు? రిటైరైన ఇంజనీర్లను, ఉద్యోగులను, మాస్టర్లను. స్వచ్ఛంద సాంకేతిక దళం అని పేరు పెట్టారు. అంటే మనలాంటివాళ్ళనే. బెంగుళూరులో 2002లో కొన్ని పౌర సంస్థలు కలిసి, కార్పొరేషను మూడు నెలలకొకసారి తన ఆదాయ వ్యయాలు జనం ముందు పెట్టి చర్చించేలా ఒక ప్రయత్నం చేశాయి. బ్రెజిల్ దేశంలో పోర్టో అలెగ్రి అనే నగరంలో 1989 నుంచి ఏటా పేటపేటకూ సభలు పెట్టి, ఏ పని ముందు, ఏది వెనుక అన్నది జనమే తేల్చేవారు. చాలా ఏళ్ళు బాగా నడిచి తరువాత బలహీనపడింది. ఇదీ మనం గుర్తుంచుకోవాలి. మొదలుపెట్టినంత మాత్రాన ఏదీ నిలవదు.

మన హైదరాబాదులో 1999లో సొంతంగా లెక్కగట్టి పన్ను కట్టే పద్ధతి పెట్టారు. ఇంటి యజమానే తన ఇంటి కొలత రాసి, పన్ను తేల్చి కట్టాలి. నాలాంటివాడి గుట్టు నాచేతే చెప్పించే పద్ధతి అది. 2018లో అదే హైదరాబాదు కార్పొరేషను బాండ్లు అమ్మి రెండు వందల కోట్లు 8.9 శాతం వడ్డీకి తెచ్చుకుంది. అదే ఏడాది విశాఖపట్నం ఎనభై కోట్లు పది శాతానికి తెచ్చుకుంది. అప్పిచ్చేవాడు ముందుగా లెక్కలు తెప్పించుకుని చదువుతాడు, మార్కులు వేస్తాడు, అప్పుడు వడ్డీ చెబుతాడు. మనం బాండ్లు అమ్మే ఊరివాళ్ళం కాము. కానీ ఒక్క మాట ఆలోచించండి. ముంబయిలో కూర్చున్న అప్పులవాడు ఒక ఊరి లెక్క చదువుతాడు, ఆ ఊళ్ళో పుట్టి ఆ ఊళ్ళోనే పోవలసినవాడు చదవడు!

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన సంఘం పూనుకుని పట్టణ ఆర్థిక పరిశీలన సంఘం ఒకటి ఏర్పాటు చెయ్యాలి. కమిషన్ అని పేరు పెడదామన్నాడు ఒక మిత్రుడు. వద్దన్నాను. కమిషన్ అంటే మనవాళ్ళకు వేరే అర్థం ఉంది.

తొమ్మిది మంది చాలు. మనవాళ్ళు నలుగురికి మించకూడదు. ట్రెజరీలో చేసినవారొకరు, కరెంటు శాఖలో చేసినవారొకరు, నీటి సరఫరా తెలిసిన ఇంజనీరొకరు, ఆడిటు చేసినవారొకరు. మిగతా అయిదుగురు మనం కాని వాళ్ళు కావాలి. డ్వాక్రా సంఘాల నుంచి ఒక అమ్మాయి తప్పక ఉండాలి. పదిమంది పొదుపు పుస్తకాలు పైసా తేడా రాకుండా రాసే ఆడవాళ్ళున్నారు, వాళ్ళ ముందు మన లెక్కలు ఏపాటివి? ఒక దుకాణదారు, ఒక అద్దె ఇంట్లో ఉండేవారు, పారిశుద్ధ్యం పని చేసేవారొకరు, చదువుకుంటున్న పిల్లల్లో ఒకరు. పార్టీ కండువా ఉన్నవారు ఎవరూ వద్దు.

పని ఏమిటంటారా? మొదటిది, గత అయిదేళ్ళ డి.సి.బి., బడ్జెట్టు, ఆడిటు నివేదిక తెచ్చుకోవడం. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఇవి ఎవరూ అడగకముందే కార్యాలయం వెల్లడించవలసిన కోవలోవి. కనపడకపోతే పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. తగవుగా కాదు, మర్యాదగా. అక్కడ కూర్చున్నవాడు కూడా ఒకనాటి మనమే. రెండోది, మోటార్ల కరెంటు, దీపాలు, జీతాలు, మరమ్మతులు, చెత్త తరలింపు, ఒక్కొక్కదానికి ఏటా ఎంతవుతుందో, పదేళ్ళలో ఎంతవుతుందో ఒక పట్టిక వెయ్యడం. మూడోది, పన్ను పడని ఇళ్ళు, పెద్ద బాకీలు, ఖాళీ స్థలాలు ఎన్ని ఉన్నాయో పేర్లు లేకుండా సంఖ్యలు మాత్రం తీయడం. ఎవరినీ రచ్చకీడ్చవద్దు. నాలుగోది, ఏడాదికొకసారి ఇలాంటి హాల్లో ఆ లెక్క గట్టిగా చదివి, జనం అడిగింది రాసుకుని, పాలకవర్గానికి, కమిషనరుగారికి ఒక ప్రతి ఇచ్చి రావడం. అదే మన జమాబంది. ఈసారి ఎవరూ చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు, అందరికీ కుర్చీలుంటాయి.

దీనికి మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. మనకు అధికారం లేదు గదా అంటారు. నిజమే, లేదు. జమాబందిలో కరణానికి మాత్రం ఏం అధికారం? లెక్క అతని చేతిలో ఉండేది, అందుకని అధికారి అతని మాట వినేవాడు. లెక్క చదివితే పన్ను పెంచమని మనమే చెప్పవలసివస్తుందేమో అంటారు. రావచ్చు. 2021 నుంచి మన రాష్ట్రంలో పన్నును అద్దె విలువ మీద గాక ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఒక్కసారి మోయలేనంత పడకుండా ఏడాదికి పెంపు పదిహేను శాతం దాటకూడదని హద్దు పెట్టారు. ఆ హద్దు చాలునా, పేదల ఇళ్ళకు అది గూడా ఎక్కువా అన్నది అంకెలు చూసి మనం చెబితే ఒక విలువ ఉంటుంది. ఊరికే వద్దంటే వినేవాడు లేడు. ఎక్కడ వృథా అవుతున్నదో అంకెలతో చూపిస్తే, పన్ను పెంచకుండానే గట్టెక్కవచ్చేమో గూడా. చూడకుండా ఎలా తెలుస్తుంది?

ఇక మూడో అభ్యంతరం. ఈ వయసులో మనకెందుకు అంటారు. డెబ్బయి అయిదేళ్ళు వచ్చాయి నాకు. చూపు తగ్గింది, అంకెలు పెద్దవిగా రాస్తేనే కనపడతాయి. అయినా ఒకటి గమనించండి. ఈ ఊళ్ళో పగటిపూట తీరిక ఉండి, ఫైలు చదవడం తెలిసి, నెల తిరిగేసరికి ఎవరినీ అడుక్కోకుండా అన్నం తినగలిగినవాళ్ళు ఎవరు? మనమే గదా. ప్రభుత్వం ముప్పయ్యేళ్ళు జీతమిచ్చి మనకు నేర్పిన విద్య లెక్క చూడడం, నోటు రాయడం. ఆ విద్యను పేకాట బల్ల దగ్గర వదిలెయ్యాలా?

షరతులు రెండు పెడతాను. సంఘంలో చేరినవారు మొదట తమ ఇంటి కొలత సరిచూసుకోవాలి. నా అనుభవంతో చెబుతున్నాను, లేకపోతే నోరు పెగలదు. రెండోది, ఎవరి దగ్గరా చందా పుచ్చుకోకూడదు, శాలువాలు కప్పించుకోకూడదు. టీ ఖర్చు నేను పెట్టుకుంటాను, పైగదుల అద్దె వస్తున్నది గదా.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మినహాయింపు తీర్మానం పక్కన నా తీర్మానం కూడా పెట్టి సభ్యుల అభిప్రాయం అడగవలసిందిగా కోరుతున్నాను. మీరు మొదటిదానికే చేతులెత్తినా నాకు కోపం లేదు. మన స్నేహం ముప్పయ్యేళ్ళది. కానీ ఇంటికి వెళ్ళాక ఒక్కసారి మీ పన్ను రసీదు తీసి, అందులో రాసిన ఇల్లూ, మీరుంటున్న ఇల్లూ ఒకటేనో కాదో చూసుకోండి. నేను ఇంకెన్నాళ్ళుంటానో తెలియదు. పోయేనాటికి ఈ ఊరి రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా బాకీ గడిలో సున్న ఉంటే చాలు.